లేతవయసున జీను మోసిన గుఱ్ఱము

దిండి గ్రామమునుండి ఒక శ్రోత ఇటీవల మా కేంద్రమునకు ఒక లేఖ వ్రాసిరి. వారు కొబ్బరితోటలు గల రైతు. వారి కుమారునకు పదునాలుగేండ్లు. ఆ పిల్లవానికి గుఱ్ఱపుస్వారిపై మక్కువ కలిగినది. తండ్రి విచారింపగా, దళారి యొకడు రెండేండ్లు దాటినదని చెప్పి ఒక మగ గుఱ్ఱపుపిల్లను చూపినాడట. "ఇది పచ్చి గుర్రం కాదండీ! పది నెలలనుంచి పెద్దవాళ్లే ఎక్కి తిరుగుతున్నారు. మీ అబ్బాయి ఎక్కినా బెదరదు" అని చెప్పి, ఆ కారణముచేతనే మఱికొంత ధర యధికముగా అడుగుచున్నాడట. బయానా ఇంకను ఈయలేదు. వారము దినములలో మాట చెప్పవలసియున్నది. "చిన్నవయసుననే స్వారికి అలవాటుపడుట గుఱ్ఱమునకు గుణమా, దోషమా?" అని వారి ప్రశ్న.

ప్రశ్న చిన్నది. కాని దానిపై ఒక కుటుంబము కూడబెట్టిన సొమ్మును, ఒక పిల్లవాని క్షేమమును, నోరులేని జంతువుయొక్క ఇరువదియేండ్ల బ్రతుకును ఆధారపడియున్నవి. కావున ఉత్తరమునకు ఉత్తరము వ్రాసి ఊరకుండక, ఈ విషయమును శ్రోతలందఱ యెదుటను కొంత విపులముగా చెప్పదలచితిమి.

మొదట ఒక చిన్న లెక్క. గుఱ్ఱమునకు రెండేండ్లు దాటినవనుట నిజమే యనుకొందము. పది నెలలుగా మనుష్యులు ఎక్కుచున్నారనుటయు నిజమే యనుకొందము. అట్లయిన, ఆ జంతువుపై మొదటిసారి జీను బిగించిననాటికి దానికి ఏడాదిపై కొలది నెలలు మాత్రమే. దళారి గుణముగా చెప్పిన మాటలోనే మనము విచారింపవలసిన విషయము దాగియున్నది.

కోనసీమ గుఱ్ఱముల సీమ కాదు. ఇది కాలువల సీమ, పడవల సీమ, ఎడ్లబండ్ల సీమ. దిండికి దిగువను అంతర్వేదిలో అశ్వరూఢాంబికను గుఱ్ఱాలక్క యని పిలిచి కొలుతురు గాని, ఇంటింట గుఱ్ఱమును కట్టి పెంచిన అలవాటు ఇచ్చట లేదు. అందుచేత గుఱ్ఱమును చూచి బేరమాడు నేర్పు తండ్రినుండి కొడుకునకు వచ్చినది కాదు. అయినను ఇచ్చటి రైతునకు అంతకంటె తక్కువకాని నేర్పు ఒకటి యున్నది. కోడెను కొనుటకు పోయినపుడు ఆతడు మొదట దాని నోరు తెరచి చూచును. రెండుపళ్ళ కోడె, నాలుగుపళ్ళ కోడె అని చెప్పుకొనును. పాలపళ్ళ దూడమెడపై కాడి పెట్టి బరువుబండికి కట్టువానిని ఊరివారు మెచ్చుకొనరు. ఆ తెలివినే గుఱ్ఱమునకును అన్వయించుకొన్నచో సగము దారి నడచినట్లే.

గుఱ్ఱపుపిల్ల పుట్టిన వారము దినములలో ముందరివైపున నడిమి జంట పాలపళ్ళు, నెల నెలన్నరలో వాని ప్రక్కజంట, ఆరు మొదలు తొమ్మిది నెలలలో చివరిజంట పైకివచ్చును. క్రిందను పైనను ఇదే వరుస. పిదప రెండున్నర యేండ్లకు నడిమి పాలపళ్ళు రాలి శాశ్వతదంతములు వచ్చును. మూడున్నర యేండ్లకు ప్రక్కవియు, నాలుగున్నర యేండ్లకు చివరివియు మాఱును. పాలపళ్ళు చిన్నవి, తెల్లనివి, చిగురుదగ్గఱ సన్ననివి. శాశ్వతదంతములు పెద్దవి, కొంచెము పసుపువన్నె గలవి, నిలువుచారలు గలవి. కావున నోరు తెరచినపుడు ముందరిపళ్ళన్నియు పాలపళ్ళే యైనచో, ఎవరు ఏమి చెప్పినను సామాన్యముగా ఆ గుఱ్ఱమునకు రెండున్నర యేండ్లు నిండలేదని గ్రహింపవచ్చును. నడిమిజంట మాఱి ప్రక్కజంట మాఱనిచో మూడేండ్ల ప్రాయము. పళ్ళు దళారి మాట వినవు.

పందెపుగుఱ్ఱమని చెప్పినచో మఱియొక జాగ్రత్త కలదు. పందెముల లెక్కలో గుఱ్ఱము వయస్సు అది పుట్టిన దినమునుండి కాక జనవరి 1వ తేదీనుండి లెక్కింపబడును. ఏప్రిల్ మాసమున పుట్టిన పిల్లకు మఱుసటి జనవరికే కాగితముమీద ఒక ఏడు వచ్చును. అట్టి గుఱ్ఱములకు పుణెలోని స్టడ్ బుక్ సంస్థయందు నమోదు, గుర్తింపుపత్రము ఉండును. పత్రము లేక "ఇది మలక్‌పేట మైదానములో పరుగెత్తినది" అని చెప్పెడి మాటకు విలువ లేదు.

ఇక అసలు విషయము: లేతవయసున ఎక్కినచో ఏమగును?

ఎదుగుచున్న పిల్లవాని ఎముకలకు వలెనే గుఱ్ఱపుపిల్ల ఎముకలకును కొనలదగ్గఱ మృదులాస్థి పొర యొకటి యుండును. ఎముక పొడవు పెరుగునది అచ్చటనే. పెరుగుదల ముగిసినపిమ్మట ఆ పొర గట్టి ఎముకగా మాఱును. ఇది అన్ని ఎముకలలోను ఒక్కసారి జరుగదు. గిట్టకు పైనున్న పొట్టి ఎముకలలో సుమారు మొదటి యేడాదిలోనే ముగియును. మోకాలికి పైనున్న పొడుగు ఎముక క్రిందికొనయందు రెండు, రెండున్నర యేండ్లు పట్టును. వెన్నుపూసలలో అయిదేండ్లు దాటినపిమ్మట గాని పూర్తికాదు. అనగా గుఱ్ఱము నేలనుండి పైకి పండుచు వచ్చును. మనము జీను వేసి కూర్చుండు చోటు అన్నిటికంటె కడపట పండును.

ఎత్తును చూచి మోసపోవుట ఇందువలననే. ఏడాది నిండిన పిల్ల తన పూర్తి యెత్తులో సుమారు నూటికి 90 పాళ్ళు అందుకొనును. బరువులో మాత్రము మూడింట రెండు పాళ్ళే యుండును. దూరమునుండి చూచువానికి అది గుఱ్ఱమువలె కనబడును. లోపల అది పిల్లయే.

అయితే ఇంతమాత్రముచేత గుఱ్ఱపుపిల్లను కదలనీయక కొట్టములో కట్టివేయవలెనని యర్థము కాదు. ఎముక పనికొలది బలపడు పదార్థము. న్యూజీలాండు దేశమున మాసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలుపంచుకొన్న పరిశీలనలలో, చిన్ననాటినుండి పచ్చికబయలులో తిరుగుచు కొలతగల వ్యాయామము పొందిన పిల్లలకు కీడు కలుగలేదనియు, వాని అవయవములు పనికి తగినట్లు రూపొందెననియు తేలినది. రెండవయేటనే పందెపు శిక్షణ పొందిన గుఱ్ఱములన్నియు త్వరలో చెడిపోవుననుటయు సరికాదు. ఆ గుఱ్ఱముల వీపున కూర్చుండువారు తేలికయైన రౌతులు. పరుగు కొలది నిమిషములు. నేల మెత్తగా తీర్చిన బాట. వెంట పశువైద్యుడు. ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను, ఆ వయసు పందెపు గుఱ్ఱములలో ముంగాలి పిక్కయెముక ముందుభాగము వాచి నొప్పిపెట్టుట తఱచుగా కనబడు వ్యాధి.

హైదరాబాదున మలక్‌పేట మైదానములో పందెములు జరుగుచున్నవి. అట్టి మైదానపు పద్ధతి ఒకటి. ఆస్ట్రియా దేశపు వియన్నానగరములో శతాబ్దములుగా నడచుచున్న స్పానిష్ స్వారి పాఠశాల పద్ధతి మఱియొకటి. ఆ పాఠశాలలో తెల్లని లిపిజ్జానర్ గుఱ్ఱములు సుమారు నాలుగవయేట గాని స్వారిశిక్షణ మొదలుపెట్టవు. పందెములవారికి కావలసినది కొలది సంవత్సరముల వేగము. వియన్నావారికి కావలసినది ఇరువది యేండ్ల సేవ. దిండి శ్రోతకు కావలసినదియు రెండవదే యని మా నమ్మకము.

కావున "ఎప్పుడు ఎక్కిరి" అను ప్రశ్న ఒక్కటియే చాలదు. ఎంత బరువుగలవారు ఎక్కిరి? దినమునకు ఎంతసేపు? ఏ నేలపై? మేత ఏమి పెట్టిరి? ఈ నాలుగును అడుగవలయును.

బరువు మాట మొదట చూతము. 2008లో అమెరికాలోని ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ఎదిగిన గుఱ్ఱములపై వేర్వేరు బరువులు మోపి పరీక్షించిరి. గుఱ్ఱము తన బరువులో నూటికి 20 పాళ్ళవఱకు మోసినపుడు అంతగా అలసట లేదు. 25, 30 పాళ్ళు మోసినపుడు గుండె వేగము హెచ్చినది, మఱునాడు కండరములు నొచ్చినవి. గుఱ్ఱము బరువును త్రాసు లేకయే లెక్కింపవచ్చును. దర్జీ టేపుతో ముంగాళ్ళ వెనుకనుండి ఛాతి చుట్టుకొలతను, భుజపుమొననుండి పిఱుదుమొనవఱకు పొడవును సెంటీమీటర్లలో కొలువవలెను. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 11,880చే భాగించినచో సుమారు బరువు కిలోగ్రాములలో వచ్చును. చుట్టుకొలత 150, పొడవు 135 అయినచో బరువు సుమారు 255 కిలోలు. దానిలో ఐదవవంతు 51 కిలోలు. జీను, కళ్ళెము ఇందులోనివే. జీను బరువు ఎనిమిది కిలోలైనచో మనిషికి మిగులునది 43 కిలోలు. ఇది ఎదిగిన గుఱ్ఱపు లెక్క. ఎముకలు పండని పిల్లకు ఇంకను తగ్గింపవలెను. "పెద్దవాళ్లే ఎక్కి తిరుగుతున్నారు" అను మాట ఈ లెక్కముందు ఎట్లు నిలుచునో శ్రోతలే ఆలోచింపవలెను.

నేల మాట. సిమెంటు రోడ్డుమీద పరుగు ప్రతి అడుగునను కీళ్ళకు దెబ్బ. లోతైన పొడియిసుకలో పరుగు నరములను సాగదీయును. తడిసి గట్టిపడిన ఇసుకగాని, గడ్డిగల మట్టినేలగాని మేలు. చిన్నచుట్టులో గంటలకొలది త్రిప్పుట లేతకాళ్ళకు మిక్కిలి చేటు.

మేత మాట కోనసీమలో ప్రత్యేకముగా చెప్పవలసినది. వరిసీమలో తవుడు సులభముగా దొరకును. పశువునకు మేలు చేసినది గుఱ్ఱమునకును మేలే యని తలచి కుంచములకొలది పెట్టుదురు. తవుడులో భాస్వరము సున్నముకంటె పదిరెట్లకు మించియుండును. గుఱ్ఱపు మేతలో సున్నము భాస్వరముకంటె ఎప్పుడును తక్కువ కాకూడదు. తక్కువైనచో శరీరము తన ఎముకలలోని సున్నమునే తీసివాడుకొనును. ఎముకలు గుల్లబాఱి, దవడలు, ముఖము ఉబ్బి, కాళ్ళు కుంటుపడును. పూర్వము పిండిమరలవారి గుఱ్ఱములకు పొట్టుమేతవలన ఈ వ్యాధి తఱచుగా వచ్చెడిది. వరిగడ్డియు తవుడును తిని పెరిగిన లేతగుఱ్ఱముపై పెద్దమనిషి యెక్కుట, పచ్చియిటుకల గోడపై మిద్దె వేయుటవంటిది. వీపు లోతుబడినది, ముఖము ఉబ్బినది అని తోచినచో మేత సంగతి తప్పక విచారింపవలెను. ఉలవలు కొలతగా, పిల్లిపెసరవంటి పప్పుజాతి పచ్చిమేత, మంచి ఎండుగడ్డి, పశువైద్యుడు చెప్పిన మేర సున్నపుపొడి ఈ లోపమును సవరించును.

ఇప్పుడు గుఱ్ఱమునొద్దకు పోదము. తెలుగువారికి అశ్వపరీక్ష కొత్త కాదు. విజయనగర ప్రభువులు పడమటి రేవులలో దిగిన అరబ్బు, పారశీక గుఱ్ఱములను విశేషధనమిచ్చి కొనిరి. మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను పద్యగ్రంథమునే రచించెను. ఆనాటివారు సుడులను, వన్నెలను బట్టి శుభాశుభములు కూడ చెప్పిరి. మనకు ఈనాడు కావలసినది సుడుల శాస్త్రము కాదు, ఎముకల శాస్త్రము.

గిట్టలతో ప్రారంభింపవలెను. గ్రీకుదేశపు సేనాని క్సెనొఫోను క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున వ్రాసిన అశ్వగ్రంథమునందును పాదములనే మొదట చూడుమని చెప్పెను. నాలుగు గిట్టలును సమముగా అరిగినవా? ఒకటి చిన్నదిగా, నిటారుగా ఉన్నదా? గిట్ట అడుగున దుర్వాసన, మెత్తదనము ఉన్నవా? కోనసీమ తడినేలలో గిట్టలు త్వరగా మెత్తబడి కుళ్ళును. పిదప ముంగాళ్ళను మోకాలినుండి క్రిందికి చేతితో తడుమవలెను. లోపలివైపున గట్టి బొడిపె తగిలినచో అది చిన్ననాటి శ్రమకు గుర్తు. వేడియు నొప్పియు లేనిచో పాతగాయము. నొక్కగానే కాలు తీసికొన్నచో ఇంకను మానని గాయము.

తరువాత వీపు. మూపుదగ్గఱ, జీనుక్రింద తెల్లవెండ్రుకల మచ్చలున్నచో అచ్చట ఒకనాడు జీను కోసినదని తెలియవలెను. వెన్నునకు ఇరువైపుల అఱచేతితో మెల్లగా నొక్కుచు పోయినపుడు గుఱ్ఱము వీపు దింపుట, చెవులు వెనుకకు వంచుట, తోక విసరుట నొప్పికి గుర్తులు. జీను తెచ్చుట చూచి కఱవబోవు గుఱ్ఱమును పొగరుబోతని అందురు. పొగరుకంటె నొప్పియే దానికి తఱచుగా కారణము.

పిదప నోరు. పెదవిమూలల పాతమచ్చలు, నాలుకపై కోతలు ముండ్లకళ్ళెము వాడిన గుర్తులు. జంతువులపై ముండ్లకళ్ళెమును వాడుట 1965 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనలచే నిషేధింపబడినది. కళ్ళెపుబాధచే నిలిచిన గుఱ్ఱమును "బెదరని గుఱ్ఱము" అని అమ్ముట కలదు. అట్టి గుఱ్ఱము పిల్లవానిచేతిలో ఏనాడు తిరుగబడునో చెప్పజాలము.

కడపట నడక. గట్టినేలపై సూటిగా నడపించి, చిన్నపరుగు పెట్టించి, ముందునుండియు వెనుకనుండియు చూడవలెను. అడుగు వేయునపుడు తల పైకెగురుచున్నచో ముంగాలిలో లోపము. ఇచ్చట మాకు చిన్ననాటి జ్ఞాపకము ఒకటి వచ్చుచున్నది. మా పట్టణములో జట్కాలు మిగిలియున్న కాలమది. మా వీధి జట్కాగుఱ్ఱము పాలపళ్ళనాడే బండికి కట్టబడినదని పెద్దలు చెప్పుకొనెడివారు. అది ఒక కాలు తేల్చి నడచెడిది. "రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడుకాళ్ళపై నడచును" అని సామెత చెప్పి పెద్దలు నవ్వెడివారు. మేమును నవ్వితిమి. బండివాడు మెత్తనివాడు కానని చూపుటకై కొరడా ఝుళిపించెడివాడు. అది కుంటుచున్నదని, కుంటుటకు ఒక కారణముండునని మాలో ఒక్కరికిని తోచలేదు. ఆ సామెత రౌతును గూర్చినది. గుఱ్ఱము మూడుకాళ్ళపై నడచినపుడు మొదట నాలుగవకాలిని చూడవలెనని మేము చాలకాలమునకు తెలిసికొంటిమి.

మన కన్ను చూడగలది ఇంతవఱకు. దీని తరువాత పశువైద్యుని సహాయము తప్పదు. ఆయన కాలు మడిచిపట్టి విడిచి నడపించి చూచును. అవసరమైనచో మోకాలికి ఎక్సురే తీయించును. పెరుగుదల పొర ఇంకను తెరచియున్నదో, మూసికొన్నదో అందులో కనబడును. నొప్పి తెలియకుండ సూదిమందు ఇచ్చి అమ్మువారును కలరు. అందుచేత ముందుగా చెప్పకుండ మూడునాలుగు దినముల యెడముతో రెండుసార్లు చూడవలెను. రక్తపరీక్షయు ముఖ్యము. గ్లాండర్స్ అను వ్యాధి గుఱ్ఱమునుండి మనుష్యునకును సోకి ప్రాణము తీయగలది. అది ఉన్నదని తేలిన గుఱ్ఱమును ప్రభుత్వ నియమము ననుసరించి చంపవలసియుండును. హర్యానా రాష్ట్రపు హిసారులోని జాతీయ అశ్వపరిశోధన కేంద్రము ఈ పరీక్షకు ప్రసిద్ధిగాంచినది. జోరీగలవలన వ్యాపించు సర్రా జ్వరమునకును రక్తము చూపింపవలెను. నీటిసీమలో ఆ యీగలకు కొదువలేదు.

ఇక దిండి శ్రోతకు మా సమాధానము.

అయ్యా, చిన్నవయసున ఎక్కుట గుణము కాదు. అందుకొఱకు ఒక్క రూపాయియు అధికముగా ఈయవలదు. అది తప్పక దోషమనియు చూడకుండ మేము చెప్పజాలము. పళ్ళు చూడుడు. కొలిచి బరువు కట్టుడు. వైద్యుని తోడ్కొనిపొండు. వైద్యుని రానీయనన్నను, రెండవసారి చూపనన్నను ఆ బేరము వదలివేయుడు. కాళ్ళు, వీపు, నోరు, రక్తము మంచివని తేలినచో, దానిని స్వారి నేర్చిన గుఱ్ఱముగా గాక, స్వారి నేర్వని పిల్లగా ఎంచి ఆ ధరకే కొనుడు.

కొన్నపిమ్మట జీనును అటకపై పెట్టుడు. ఆఱు మొదలు ఎనిమిది నెలలు దానిని కొబ్బరితోటలో స్వేచ్ఛగా తిరుగనిండు. మీ కుమారుడు దినమును దానికి మేత పెట్టుగాక, ఒడలు తోముగాక, గిట్టలు శుభ్రము చేయుగాక, పగ్గము పట్టి గట్టువెంట నడిపించుగాక. మూడేండ్లు నిండి, వైద్యుడు సరేయన్న తరువాత వారమునకు రెండుమూడు పర్యాయములు, పది పదునైదు నిమిషములు, నడకతో మాత్రమే ఎక్కవచ్చును. నాలుగవయేడు దాటిన పిదప క్రమముగా పెంచవచ్చును. మీరు మాత్రము ఎక్కవలదు. తూకము మీకు అనుకూలముగా లేదు.

పిల్లవాడు తొందరపడును. అది సహజము. కాని ఆ యింట ఎదుగుచున్నవారు ఇరువురు. పదునాలుగేండ్లవాడు ఒకడు, రెండేండ్లది ఒకటి. ఎదుగుచున్న పిల్లవాని వీపున ధాన్యపు బస్తా ఎత్తు తండ్రి ఉండడు. ఆ న్యాయమునే రెండవదానికిని చూపినచో, మఱి పదునైదేండ్లకు కూడ ఆ గుఱ్ఱము గోదావరిగట్టుపై నాలుగుకాళ్ళమీద నడచుచుండును. దానిని అప్పటికి మీ కుమారుడు తన పిల్లలకు చూపగలడు.